క్లేర్ కౌంటీలో కాన్సర్టీనా మనుషుల కోసం మూడు రోజులు

మా తాతయ్య పౌరాణిక నాటకాలకి హార్మనీ వాయించేవాడు, పెట్టె పాడైతే తెనాలి తీసుకెళ్ళి బాగు చేయించుకొచ్చేవాడు. తాతయ్య పేరు ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆ పెట్టె బాగుచేసినాయన పేరు మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు. ఐర్లాండ్‌లోని లిమరిక్‌లో ఉంటున్నాను కదా, పక్కనే ఉన్న క్లేర్ కౌంటీ కాన్సర్టీనాకి పేరుమోసిన చోటు, ఇక్కడైనా వాయించినవాళ్ళతో పాటు బాగుచేసినవాళ్ళ జాడ ఏమైనా దొరుకుతుందేమో అని మూడు రోజులు సెలవు పెట్టి బయల్దేరా.

కాన్సర్టీనా అంటే రెండు చేతుల మధ్య పట్టే ఆరు పలకల చిన్న పెట్టె, మధ్యలో తిత్తి, రెండు వైపులా బటన్లు. క్లేర్‌లో ఎక్కువగా వాయించేది ఆంగ్లో రకం, అందులో ఒకే బటన్‌కి తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకోటి. ఈ పద్ధతి 1834లో జర్మనీలో ఊలిగ్ అనే ఆయన చేసిన పెట్టెతో మొదలైంది. చవకరకం జర్మన్ పెట్టెలు పల్లెటూళ్ళ ఇళ్ళలోకి కూడా చేరాయి, ఆడవాళ్ళు బాగా వాయించేవారు.

మకాం ఎనిస్‌లో పెట్టుకోండి, లిమరిక్ నుంచి రైలుంది, బస్సుంది, ఊరంతా నడిచే తిరగొచ్చు. కస్టీస్ అనే మ్యూజిక్ షాపులో ఏమీ కొనకపోయినా నిలబడి చూడనిచ్చారు. అక్కడ మాటల్లో కలిసిన ఒక పెద్దాయన ఇంటికి రమ్మని, తను రిపేర్ చేస్తున్న పాత లండన్ పెట్టె విప్పి చూపించారు. స్టీలు రీడ్లు, అంటే గాలికి అదిరి మోగే సన్నటి రేకులు, ఒక్కోటి ఇత్తడి చట్రంలో, ఆ చట్రం చెక్కలో కోసిన గాడిలోకి బిగువుగా దిగుతుంది, మేకులు ఉండవు. ఇళ్ళల్లో హీటర్లు పెట్టేసరికి చెక్క ఎండి గాడి వదులై రీడ్ జుయ్‌మంటుంది, అప్పుడు సందులో సన్నటి కాగితం పెట్టి బిగిస్తారు. ఆ పెట్టెలో ఒక రీడ్ పక్కన పాత న్యూస్‌పేపర్ ముక్క మడిచి పెట్టి ఉంది, అచ్చు అక్షరాలు సగం కనిపిస్తున్నాయి. ఎవరు పెట్టారండీ అంటే, నాకు ముందు ఎవరో, పని మాత్రం బాగా తెలిసినాయన అన్నారు, అని ఆ ముక్క తీసెయ్యకుండా అలాగే వదిలేశారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

రెండో రోజు కిల్‌రష్. ఎనిస్ నుంచి బస్సు ఉంది గానీ రోజుకి కొన్నే, కారుంటే ముప్పావుగంట. మార్కెట్ స్క్వేర్‌లో క్రాటీస్ పబ్ ఉంది, కాన్సర్టీనా వాయించే ఎలిజబెత్ క్రాటీ (1885–1960) భర్తతో కలిసి నడిపింది ఇదే. 1950ల్లో రేడియోవాళ్ళు వచ్చి రికార్డ్ చేశాక ఆవిడ వాయిద్యం దేశమంతా విన్నది. నేను వెళ్ళింది మధ్యాహ్నం, జనం లేరు, సూప్ తాగుతూ గోడల మీద ఫోటోలు నిదానంగా చూశా. ట్రిప్ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

ఆ తర్వాత డూలిన్. అందం సంగతి సరే, ఖర్చు ఎక్కువ, క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అనే సముద్రపు కొండచరియలు చూడ్డానికొచ్చే జనంతో నిండిపోయి ఉంటుంది. నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో రాత్రంతా హీటింగ్ లేదు, పొద్దున చెప్తే సారీ కూడా అనలేదు, పేరు ఎందుకులెండి, రివ్యూలు చదివి తీసుకోండి. కానీ ప్యాకీ రసెల్ (1920–1977) ఊరు, వదల్లేం కదా, పగలు రాతి పని, సాయంత్రం కాన్సర్టీనా, ఆయన అన్నదమ్ములు మీకో, గసీ కూడా సంగీతం వాయించేవాళ్ళే. పబ్‌లో వాయించడం రాత్రి తొమ్మిదిన్నరకి గానీ మొదలవదు, ముందే వెళ్ళి మూల సీటు పట్టుకోండి, మధ్యలో ఫోన్ లైట్ వెయ్యకండి. జులైలో వెళ్ళేవాళ్ళయితే మిల్‌టౌన్ మాల్‌బేలో 1973 నుంచి జరుగుతున్న విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ ఉంది, కాన్సర్టీనా క్లాసులు కూడా చెప్తారు, రూములు నెలల ముందే బుక్ చెయ్యాలి.

తర్వాత పనిమీద లండన్ వెళ్ళినప్పుడు ఫారెస్ట్ హిల్‌లో హార్నిమన్ మ్యూజియం చూశా, ఎంట్రీ ఫ్రీ, కాన్సర్టీనాలు బోలెడు. కాన్సర్టీనాలు తయారుచేసిన వీట్‌స్టన్ కంపెనీ లెడ్జర్లు ఈ మ్యూజియం దగ్గరే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు, మీ పెట్టె నంబర్ ఉంటే ఎప్పటిదో వెతుక్కోవచ్చు. జెఫ్రీస్ అనే ఇంకో తయారీదారు పెట్టెలకి అలాంటి నంబర్లు ఉండవు, కొన్నిటి మీద కొట్టిన షాపు అడ్రసే ఆధారం. తయారుచేసినవాళ్ళకి లెడ్జర్లున్నాయి, వాయించినవాళ్ళకి రికార్డులున్నాయి, రిపేర్ చేసినాయనకి మిగిలింది ఆ కాగితం ముక్కే.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి తాతయ్య పెట్టె ఎవరికీ రిపేర్‌కి ఇవ్వొద్దని చెప్పా. సంక్రాంతికి వెళ్ళాక నేనే పైపలక విప్పి చూస్తా.