తుమ్మెదకు గడి లేదు: పది నిమిషాల లెక్క, రెండేళ్లు వాడాక

అర మీటరు చదరం, పది నిమిషాలు, పువ్వు మీద వాలిన పురుగుల లెక్క: ఏ రకం ఎన్నో పట్టికలో దాని గడిలో వేసి వాలంటీర్లు పంపుతారు. ఈ పద్ధతి ఎలాగో చాలామందికి తెలుసు, అది వదిలేస్తున్నాను. నా గొడవంతా పట్టికలోని గడులతోనే.

పట్టిక బ్రిటన్‌లో తయారైంది, కాబట్టి బంబుల్‌బీకి (లావుగా, బొచ్చుగా ఉండే తేనెటీగ) ప్రత్యేకంగా గడి ఉంది. మన దేశంలో అవి ప్రధానంగా హిమాలయాల వైపు ఉంటాయి. విశాఖలో ఆ గడిలోకి పోయేది తుమ్మెద. నల్లగా, లావుగా ఝుమ్మంటూ రాగానే కొత్త వాలంటీర్లు బొమ్మతో పోల్చుకుని అక్కడే అంకె వేసేస్తారు. ఎండుకర్ర తొలిచి గూడు పెట్టే తుమ్మెద, గుంపు కట్టని ‘ఒంటరి తేనెటీగల’ గడిలోకి రావాలి. వంగ మొక్క దగ్గరైతే ఈ తప్పు అసలు సంగతినే చెరిపేస్తుంది. వంగపువ్వు పుప్పొడి కేసరాల కొసనున్న రంధ్రాల్లోంచి రాలాలి. అందుకు పువ్వును పట్టుకుని ఒళ్లు అదరగొట్టాలి. తుమ్మెద, నీలిచారల తేనెటీగ ఆ పని చేస్తాయి, పుట్టతేనెటీగ చెయ్యలేదు.

అంతకన్నా బాధ కుట్టని చిన్న తేనెటీగ గురించి. పొడవు 4 మి.మీ. దాకా, బియ్యపు గింజకన్నా పొట్టి. 3 మి.మీ. లోపు వాటికి ‘చిన్న పురుగులు’ అని ఒక గడి ఉంది. తులసి వెన్నుల మీద తిరిగే వీటిని ఈగపిల్లలనుకుని చాలామంది అందులో పడేస్తారు. గుర్తుపట్టినవాళ్లకీ చిక్కే: గుంపుగా బతుకుతుంది కనుక ఒంటరిది కాదు, మామూలు తేనెటీగల్లో కలపడమూ సరికాదు. వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలుంటే అది ఈగ కాదు. కాగితం అంచున రెండు గడులు మీరే గీసుకోండి: తుమ్మెద, కుట్టనిది. విడిగా రాసినవి తర్వాత కలపొచ్చు, కలిపేసినవి విడదీయలేం.

చదరం హద్దు కోసం మొదట్లో అరంగుళం పీవీసీ గొట్టం, నాలుగు ఎల్బోలతో చేసిన చట్రాన్ని అందరికీ సిఫారసు చేశాను. నేల మీది గడ్డిపూలకి ఇప్పటికీ అదే. బంతి, తులసి గుబుర్ల మీద మాత్రం కొమ్మలు కుంగి పురుగులన్నీ లేచిపోతాయి. నాలుగు పుల్లలు గుచ్చి, చుట్టూ 2 మీటర్ల తాడు కట్టి, రెండు నిమిషాలు ఆగాక మొదలుపెట్టడం మేలు. మీ నీడ పువ్వు మీద పడకూడదు.

సున్నా వస్తే సున్నానే పంపండి, దాని విలువ దానిది. ఆనప, బీర మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి. పగటి సున్నా చూసి పురుగులే లేవనుకోవద్దు, చీకటిపడే వేళ మాత్‌లు (రాత్రి తిరిగే, సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగులు) వస్తాయి.

నేల మీద పెరడు ఉండి, పొద్దున్న 7 నుంచి 10 మధ్య తీరిక దొరికేవాళ్లకి ఈ పద్ధతి బాగానే పనికొస్తుంది. బీచ్ రోడ్డు వైపు మేడల మీద కుండీలున్నవాళ్లకి అంత గట్టిగా చెప్పలేను. మధ్యాహ్నం సముద్రపు గాలికి వెన్నులు ఊగిపోతుంటే లెక్క నిలవదు. పిట్టగోడ చాటుకి కుండీ జరిపి, పొద్దున్నే చూసుకోవాలి.