చర్చి పార్కింగ్‌లో ట్రంక్ ఆర్ ట్రీట్: పట్టింపు ఉన్న ఇళ్ల పిల్లలకు 5కి 4

అమెరికాలో అక్టోబర్ 31న వచ్చే హాలోవీన్ పండుగ దగ్గర పడుతుంటే మతపరమైన పట్టింపు ఉన్న ఇళ్లలో పేచీ మొదలవుతుంది. పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి క్యాండీ అడగడానికి వెళ్తామంటారు. పెద్దవాళ్లకు ఆ దయ్యాలు, పుర్రెలు గిట్టవు, చీకట్లో ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపు తట్టడం అసలే గిట్టదు. ఇలాంటి ఇళ్లకు ట్రంక్ ఆర్ ట్రీట్ బాగా కుదురుతుంది. చర్చి పార్కింగ్ లాట్‌లో కార్లు వరుసగా నిలిపి, డిక్కీలు తెరిచి బైబిల్ కథల్లోని నోవహు ఓడలాగానో, దానియేలు సింహాల గుహలాగానో అలంకరిస్తారు. పిల్లలు కారు కారుకూ వెళ్లి క్యాండీ వేయించుకుంటారు. చాలా చోట్ల ప్రవేశం ఉచితం, భయపెట్టే వేషాలు వద్దని ముందే చెబుతారు.

అభ్యంతరం దయ్యాల మీద కాక ఆ పండుగ మీదే ఉంటే మాత్రం ఇది పనికిరాదు. యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖవారు ఏ రూపంలోనూ హాలోవీన్ చేసుకోరు. అలాంటి ఇంటి బిడ్డ బడిలో వేషాల రోజున ఒంటరిగా మిగిలిపోకుండా టీచరుతో వారం ముందే మాట్లాడి, ఆ గంటసేపు లైబ్రరీ పనో మరొకటో అడిగి పెట్టుకోవాలి.

హిందూ, ముస్లిం కుటుంబాలు ఒకటి తెలుసుకుని వెళ్లాలి: సంచిలో సువార్త కరపత్రం కూడా పడొచ్చు, గేటు దగ్గర ఫోన్ నంబరు అడగొచ్చు. ఒక మార్కు తగ్గించింది అందుకే.

అసలు జాగ్రత్త క్యాండీ దగ్గర. స్టార్‌బర్స్ట్, హరిబో గమ్మీలు, మార్ష్‌మాలోలు, చాలా రకాల క్యాండీ కార్న్‌లలో పందుల, పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కటీర్స్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. స్కిటిల్స్, సోర్ ప్యాచ్ కిడ్స్, డమ్ డమ్స్‌లో ఈ రెండూ ఉండవు. చిక్కేమిటంటే, చిన్న ప్యాకెట్ల మీద చాలాసార్లు పదార్థాల జాబితా ఉండదు, అది పెద్ద సంచి మీదే ఉంటుంది. అందుకే ఇంటికొచ్చాక చదివి ఏరేద్దామంటే కుదరదు. పై పేర్లు ఫోన్‌లో రాసుకుని, పిల్లలు తినకముందే ఏరేయండి. తీసేసిన ప్రతిదానికీ బదులు ఇంట్లో కొని ఉంచినది చేతిలో పెడితే ఏడుపు ఉండదు. నీలాకుపచ్చ గుమ్మడికాయ పెట్టిన కారు కనిపిస్తే ముందు అక్కడికే తీసుకెళ్లండి. తిండి అలర్జీ ఉన్న పిల్లల కోసం పెట్టిన గుర్తు అది. పెన్సిళ్లు, స్టిక్కర్ల లాంటివి ఇస్తారు కాబట్టి ఏ ఆచారానికీ అడ్డు రావు.

మీరే కారు పెట్టదలిస్తే ఎస్‌యూవీ గాని మినీవ్యాన్ గాని నయం, పైకి లేచే తలుపు కప్పులా పనికొస్తుంది. పిల్లలు నిలబడేది సరిగ్గా పొగగొట్టం ముందే, కాబట్టి ఇంజిన్ ఆపేయాల్సిందే. ఇంజిన్ ఆపి డిక్కీ తెరిచి ఉంచితే లోపలి లైటు బ్యాటరీని తినేస్తుంది. దాన్ని ఆపేసి, సెల్స్‌తో వెలిగే ఎల్‌ఈడీ దండలు కట్టండి. ఎంతమంది పిల్లలు వస్తారో నిర్వాహకులను అడిగి, తలకొకటి చొప్పున లెక్కేసి, పైన పాతిక శాతం ఎక్కువ కొనండి.