జీపీఎస్ వెస్ట్: ముందు వరుసలో ఆడేవాడి అనుభవం

వీపు మీద, రెండు భుజాల మధ్య ఆ చిన్న డబ్బా పెట్టుకుని కొన్నేళ్లుగా ఆడుతున్నాను. రగ్బీలో ఒంటికి బిగుతుగా వేసుకునే జీపీఎస్ వెస్ట్‌లో ఉండే పరికరం అది, ఎంత దూరం, ఎంత వేగంగా పరిగెత్తామో కొలుస్తుంది. నా కోపమంతా ఒక్క లెక్క మీదే: నిమిషానికి ఎన్ని మీటర్లు పరిగెత్తావు? నేను లూజ్‌హెడ్ ప్రాప్‌ని, అంటే స్క్రమ్‌లో ముందు వరుస ఎడమ చివర ఉండేవాణ్ని. రెండు జట్ల ఎనిమిదేసి మంది ఒకరినొకరు పట్టుకుని ఎదురెదురుగా తోసుకోవడమే స్క్రమ్. నా ఒళ్లు హూనమయ్యే పనంతా అడుగు కదలకుండానే జరుగుతుంది.

ఒక మ్యాచ్ రెండో సగంలో మా గోల్ గీతకు ఐదు మీటర్ల దూరంలో ఇరుక్కుపోయాం. అవతలి జట్టు స్క్రమ్ అడిగింది. అది కూలింది, మళ్లీ వేశారు. మళ్లీ కూలింది. రెఫరీ "క్రౌచ్, బైండ్, సెట్" అన్న ప్రతిసారీ ఎదురుగా ఎనిమిది మంది బరువు, వెనక నుంచి మా లాక్ (రెండో వరుస ఆటగాడు) తోపు. తొడలు వణుకుతున్నాయి, మెడ బిగుసుకుపోయింది. అయినా నాకు ధైర్యంగానే ఉంది. ఎదురుగా ఉన్న టైట్‌హెడ్ (అవతలి జట్టు కుడి ప్రాప్) మోచేయి కిందికి జారిపోతోంది, ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. ఇంకొక్క స్క్రమ్ అయితే పెనాల్టీ మాదే అనిపించింది.

సరిగ్గా అప్పుడే నన్ను బయటికి పిలిచారు. టచ్‌లైన్ దగ్గరి ట్యాబ్లెట్‌లో నా మీటర్లు పడిపోయాయట, అంటే అలిసిపోయానట. ఉన్నచోటే తోస్తుంటే మీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? నా బదులు వచ్చిన కుర్రాడు మంచి ఆటగాడే. కానీ ఎదుటివాడి పట్టు అర్థం కాకముందే వెనక్కి నెట్టేశారు, ట్రై (గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించి చేసే స్కోరు) అయిపోయింది. నేనుంటే ఆపేవాణ్నని గట్టిగా చెప్పలేను. ముందు వరుసలో ఎవరికైనా దెబ్బ తగిలితే, అలా మార్చిన ప్రాప్ తిరిగి దిగొచ్చని రూల్ ఉంది. అలా దిగాలని మాత్రం ఎవడు కోరుకుంటాడు!

మర్నాడు వీడియోనీ గ్రాఫ్‌నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అది అలసట కాదని కోచ్‌లు ఒప్పుకున్నారు. కానీ ఆ టెన్షన్ నాలో ఉండిపోయింది. రక్ (కిందపడ్డ బంతి కోసం ఇరుజట్లూ తోసుకునే గుంపు) పక్కన కాపలాగా నిలబడాల్సిన చోట కూడా, మా డిఫెన్స్ లైన్‌తో పాటు అవతలి అంచు దాకా పరిగెత్తితే కాసిని మీటర్లు వస్తాయి కదా అని కాళ్లు లాగుతాయి. కుర్రాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. బంతితో సంబంధం లేని పరుగులు కనిపిస్తుంటాయి. పొద్దున్నే నింపే నిద్ర, కండరాల నొప్పుల ఫారం కూడా అంతే. జట్టు ప్రకటించే రోజు దగ్గరపడే కొద్దీ అందరి నొప్పులూ మాయమవుతాయి.

ఇదే వెస్ట్‌ని ఒకప్పుడు అందరి ముందూ పొగిడాను. తొడ వెనక కండరం పట్టేసి కోలుకుంటున్నప్పుడు, జాగింగ్‌లో ఏ నొప్పీ లేదు కాబట్టి ఆడేస్తానన్నాను. నా గరిష్ఠ వేగానికి ఇంకా చాలా దూరంలో ఉన్నానని ఫిజియో అంకె చూపించి ఆపాడు. అతను చేసింది ముమ్మాటికీ మంచి పనే. అయితే ఆ గరిష్ఠ వేగం నేను ఇంకా బరువు తక్కువగా ఉన్న రోజులది. అదే అంకె కాంట్రాక్ట్ మాటల్లో బల్ల మీదికి వచ్చినప్పుడు అంత మంచిగా అనిపించలేదు.

ఎత్తైన స్టాండ్ల మధ్య సిగ్నల్ తడబడుతుంది, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2024 నుంచి పై స్థాయి రగ్బీలో తల గాయాల పరీక్షకు వాడుతున్న స్మార్ట్ మౌత్‌గార్డ్ (సెన్సర్లున్న పళ్ల కవచం) మీద మాత్రం నాకే ఫిర్యాదూ లేదు. తలకు పెద్ద కుదుపు తగిలిందని డాక్టర్‌కు అలర్ట్ వెళ్తే పరీక్ష చేయించుకోవాల్సిందే. అక్కడ నిర్ణయం మా చేతిలో లేకపోవడమే మేలు, ఎందుకంటే అడిగితే ఎవరైనా "బాగానే ఉన్నాను" అనే అంటారు.

వింగ్‌లోనో ఫుల్‌బ్యాక్‌గానో, అంటే ఎక్కువగా పరిగెత్తే చోట్ల ఆడేవాళ్లయితే జీపీఎస్ వెస్ట్ కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. ముందు వరుస వాళ్లయితే, స్క్రమ్‌లనూ ఢీకొట్టడాలనూ విడిగా లెక్కించే సాఫ్ట్‌వేర్ మీ క్లబ్‌లో ఉందో లేదో ముందే అడగండి. కొత్త వాటిలో వస్తోంది, మాకు ఆలస్యంగా వచ్చింది. నేను కెరీర్ చివర్లో ఉన్నాను, ప్రతి సీజన్‌కీ కాంట్రాక్ట్ భయం ఉంది, ఆ అంకెలు నన్ను ఎక్కువ గుచ్చడానికి అది కూడా కారణం కావచ్చు. ఇరవై ఏళ్ల ప్రాప్‌కి ఇదంతా పట్టకపోవచ్చు. నేనైతే వెస్ట్ తీసేయమని అడగను, మ్యాచ్ నడుస్తుండగా ఆ ట్యాబ్లెట్ చూసి ప్రాప్‌ని మార్చొద్దని మాత్రం ప్రతి కోచ్‌నూ అడుగుతాను.