ఎయిర్ తీయాలా, గేర్‌బాక్స్ మళ్లీ దింపాలా: ఏది మేలు?

మా మినీ లారీకి క్లచ్ ప్లేటు నేనే మార్చాను. ఇంజన్ ఆపి ఉంటే గేర్లన్నీ హాయిగా పడుతున్నాయి. స్టార్ట్ చేస్తే మాత్రం ఫస్ట్ గేరు గరగరమంటోంది, రివర్స్ అసలు పడట్లేదు. అంటే పెడల్ తొక్కినా ప్లేటు ఫ్లైవీల్‌ను (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) వదలడం లేదు. ఇలాంటప్పుడు ఎవరికైనా తేలిక పనే ముందు గుర్తొస్తుంది: క్లచ్‌ను పనిచేయించే ఆయిల్ పైపులో ఎయిర్ (గాలి) పట్టి ఉంటుందిలే, తీసేద్దాం అని. నేనూ అంతే. బావమరిది పెడల్ తొక్కుతూ, నేను కింద పడుకుని గాలి బయటికి వదిలే నిప్పిల్ వదులు చేస్తూ, ఆదివారం మధ్యాహ్నానికి మూడుసార్లు ఎయిర్ తీశాం. బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ అయింది కానీ గేరు పడలేదు.

అలాగని ఎయిర్ తీయడం దండగ పని కాదు. గంటలో అయిపోతుంది, ఖర్చు ఆయిల్ డబ్బా ఒక్కటే. పెడల్ మెత్తగా లోపలికి పోయి, గబగబా నాలుగుసార్లు తొక్కితే గట్టిపడి గేరు పడుతుంటే ముందు చేయాల్సింది అదే. ప్లేటు మార్చేటప్పుడు స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో రాడ్డును నెట్టి క్లచ్‌ను వదిలించే సిలిండర్) పైపు విప్పి ఉంటే మరీను. పైపు కదపకుండా సిలిండర్‌ను పక్కకు కట్టి పని చేసుకుంటే ఎయిర్ చేరడం అరుదు. నేను కదపలేదు, అయినా ఆ సంగతి ఆ పూట తట్టలేదు! మరో మాట, క్లచ్ ఆయిల్ ట్యాంకు మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో (బ్రేక్ ఆయిల్ రకాలు) చూసి అదే పోయండి. చేతికి దొరికిన ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి.

గేర్‌బాక్స్ దింపడం రోజంతా పట్టే పని. చక్రాలకు అడ్డు పెట్టాలి, బండిని స్టాండ్ల మీద నిలపాలి, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. కానీ కొన్ని తప్పులు దింపితే తప్ప కనపడవు. ప్లేటు తిరగబడి ఉండొచ్చు. బిగించేటప్పుడు గేర్‌బాక్స్ బరువంతా ప్లేటు మీద వేలాడితే అది వంగి ఉండొచ్చు. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్, దాన్ని నెట్టే ఫోర్కులో సరిగా కూర్చోకపోవచ్చు.

ఏ పని చేయాలో ఒక స్కేలు తేల్చేస్తుంది. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కితే స్లేవ్ సిలిండర్ రాడ్డు ఎంత కదిలిందో కొలవండి. మీ బండి మాన్యువల్‌లో చెప్పినంత కదలకపోతే లోపం బయటే: ఎయిరో, లీకో, పెడల్ అడ్జస్ట్‌మెంటో. పూర్తిగా కదిలినా గేరు పడట్లేదంటే లోపం లోపలే, ఇక ఎన్ని డబ్బాలు పోసినా లాభం లేదు. చాలా పెద్ద లారీల్లో క్లచ్‌కు ఎయిర్ బూస్టర్ (గాలి ఒత్తిడితో పెడల్‌కు సాయపడేది) ఉంటుంది కాబట్టి ముందు గాలి ట్యాంకులు నిండాయో లేదో చూడాలి. సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉండే బళ్లకు మాత్రం ఈ కొలత కుదరదు.

నా స్నేహితుడిది తిరగేసిన కథ. తన పని మీద తనకే అనుమానమొచ్చి నేరుగా గేర్‌బాక్స్ దింపేశాడు. లోపల అంతా బాగానే ఉంది. స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు తీస్తే ఆయిల్ కారింది. ఒక రోజు కిరాయి పోయింది.

కొత్తది కదా, తిరిగితే సర్దుకుంటుంది అనేవాళ్లూ ఉంటారు. బండి కదిలేటప్పుడు కాస్త వణుకుంటే ఆ మాట వినొచ్చు, కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే తగ్గొచ్చు. గేరు పడకపోవడం, ఎత్తు మీద ఇంజన్ అరుస్తున్నా వేగం పెరగకపోవడం మాత్రం వాటంతటవే పోవు. క్లచ్ ఇలా జారుతుంటే ముందు పెడల్‌కు ఫ్రీ ప్లే (క్లచ్ పట్టుకోకముందు పెడల్ ఖాళీగా కదిలే కొద్ది దూరం) ఉందో చూడండి. అది సరిగ్గానే ఉండి ఇంకా జారుతుంటే ప్లేటు లైనింగ్‌కు గ్రీజు అంటి ఉండొచ్చు, దింపక తప్పదు.

నా బండికి రాడ్డు పూర్తిగా కదిలింది. కాబట్టి దింపడమే మేలని తేలింది. గేర్‌బాక్స్‌కు ఆనించే సరైన జాకీ లేకపోతే రెండోసారి మెకానిక్‌కు అప్పజెప్పమనే అంటాను. దింపి చూస్తే నేను ప్లేటు తిరగేసి పెట్టాను. ఫ్లైవీల్ వైపు అని దాని మీద అచ్చు వేసే ఉంది, గ్రీజు చేతులతో చూసుకోలేదు. ఈసారి బిగించే ముందు ప్లేటు ఒక్కదాన్నే ఫ్లైవీల్‌కు ఆనించి చేత్తో తిప్పి చూశాను. పాత పద్ధతిలో పెడితే స్ప్రింగుల భాగం బోల్టు తలలకు తగిలి టక్కున ఆగింది. రెండో వైపు పెడితే సాఫీగా తిరిగింది.