మనుషుల తీరు చెప్పే ఇంగ్లీషు పదాల పుస్తకం కొంటున్నారా? ముందు ఈ మాటలు వెతికి చూడండి

ఎదుటివాళ్లతో ఎవరెలా మసలుకుంటారో చెప్పే ఇంగ్లీషు పదాలంటూ పుస్తకాలు, పీడీఎఫ్‌లు, కోర్సులు అమ్ముతున్నారు. ‘500 పదాలు’, ‘1000 పదాలు’ అన్న లెక్క చూసి కొనకండి. చాలావాటిలో ఒక ఇంగ్లీషు మాట, పక్కన ఒక తెలుగు మాట, అంతే. రంగుల పేర్లకు అది చాలు. నడవడికను చెప్పే మాట మెచ్చుకోలో తిట్టో తెలియకుండా వాడితే మాత్రం నోరు జారినట్టే.

నమూనా పేజీల్లో మొదట ‘కండిసెండింగ్’ వెతకండి. ‘దయగల’ అని ఉంటే ఆ పుస్తకం వద్దు. అది ఎప్పుడో పాతబడిన అర్థం. ఇప్పుడు దానర్థం, తానే గొప్ప అన్నట్టు ఎదుటివాళ్లను చిన్నచూపు చూడటం. పై అధికారికి పంపే ఈమెయిల్లో ‘మీ కండిసెండింగ్ స్వభావానికి కృతజ్ఞతలు’ అని రాస్తే ఆయన దాన్ని తిట్టుగానే చదువుకుంటారు. ‘పేట్రనైజ్’దీ ఇదే చిక్కు. దుకాణాన్ని పేట్రనైజ్ చేయడమంటే అక్కడ కొనడం, కళను పేట్రనైజ్ చేయడమంటే పోషించడం. మనిషిని పేట్రనైజ్ చేయడమంటే మాత్రం, పైకి ఆప్యాయంగానే ఉంటూ ఏమీ తెలియని పిల్లాడికి చెప్పినట్టు చెప్పడం. ‘ఆదరించు’ అని ఊరుకున్న పుస్తకం సగమే చెప్పినట్టు.

‘ఇగ్నోర్’కీ ‘నెగ్లెక్ట్’కీ ‘నిర్లక్ష్యం’ అనే రాస్తారు. పలకరించినా పట్టనట్టు పోతే ఇగ్నోర్. చూసుకోవాల్సిన బిడ్డకు వేళకు తిండి పెట్టకపోతే నెగ్లెక్ట్. రెండోది చాలా పెద్ద నింద. ‘స్ట్రిక్ట్’, ‘హార్ష్’ రెండూ ‘కఠినం’ అయిపోతాయి. స్ట్రిక్ట్ టీచరంటే మంచి మాట కూడా కావచ్చు, హార్ష్ అంటే కాదు.

ఆ తర్వాత చూడాల్సింది మాట వెనక వచ్చే చిన్న ముక్క. ‘నామీద కోపం’ అనే అలవాటుతో మనం ‘యాంగ్రీ ఆన్ మీ’ అనేస్తాం. కావాల్సింది ‘విత్’ లేదా ‘ఎట్’. రూడ్ టు, స్ట్రిక్ట్ విత్, హార్డ్ ఆన్... ఇవి వాక్యంలో పెట్టి చూపించని పుస్తకంతో బట్టీ తప్ప మాట రాదు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్లో ఉచితం. నింద ధ్వనించే మాట పక్కన ‘డిసప్రూవింగ్’ అని గుర్తు వేస్తాయి. కొనేముందు అయిదు మాటలు వాటితో పోల్చండి. పీడీఎఫ్ అయితే డబ్బు కట్టకముందే వాపసు షరతు చదవండి. డౌన్‌లోడ్ అయ్యాక చాలామంది అమ్మకందార్లు తిరిగివ్వరు.