ఎనిమిదేళ్లుగా 1974 స్పోర్ట్‌స్టర్: కిక్ గురించి నేను కొట్టిన డబ్బా

నా మోటార్‌సైకిల్ హార్లీ డేవిడ్‌సన్ స్పోర్ట్‌స్టర్ ఎక్స్‌ఎల్‌సీహెచ్, 1974 మోడల్. కొన్న కొత్తలో ఎవరు ఇంటికొచ్చినా గ్యారేజీలోకి లాక్కెళ్లి ఒకటే మాట చెప్పేవాణ్ణి: "దీనికి సెల్ఫ్ ఉండదు, కిక్కే. బ్యాటరీ చచ్చినా సరే, ఒక్క తన్ను తంతే ఇంటికి చేరుస్తుంది." ఐదారేళ్లు ఈ డబ్బా కొట్టాను. అదెంత తప్పో ఒహాయోలో ఒక మొక్కజొన్న చేను పక్కన, దోమలు కుడుతుండగా తెలిసింది.

అయినా ముందు కిక్ గురించే రాస్తాను. ఈ బండి మీద నాకున్న ప్రేమలో ముప్పావు వంతు అదే. చోక్ వేసి, తాళం తిప్పకుండా రెండుసార్లు నెమ్మదిగా తొక్కాలి. తర్వాత తాళం తిప్పి, పెడల్ బిగుసుకునే చోటు దాకా తెచ్చి, ఒళ్లంతా పైకి లేపి ఒక్క తన్ను. సగం మనసుతో తంతే అది తిరిగి తంతుంది. మొదటి వేసవిలో పిక్క మీద కమిలిన మచ్చ నెల్లాళ్లు పోలేదు. స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్ల గ్యాప్ 18 థౌ (అంగుళంలో వెయ్యింట 18 వంతులు) ఉండి, ప్లగ్గులు శుభ్రంగా ఉంటే మూడో తన్ను దాటదు. నాలుగోది పడిందంటే పాయింట్లు చూసుకోమని అర్థం. తెనాలిలో మా నాన్న బుల్లెట్ మీద నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నాకు ఇంకో సుఖం కూడా ఉంది. దీనికీ గేరు కుడికాలికే, బ్రేకు ఎడమకాలికి. ప్రభుత్వ నిబంధన వచ్చి ఆ మరుసటి మోడల్ నుంచే గేరు ఎడమవైపుకు పోయింది. ఇక్కడ అమెరికాలోని స్నేహితులు ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు.

"ఏఎంఎఫ్ కాలం బండి, జాగ్రత్త" అని కొనేటప్పుడు అందరూ భయపెట్టారు. 1969 నుంచి 1981 దాకా హార్లీ ఏఎంఎఫ్ అనే సంస్థ చేతిలో ఉంది, ఆనాటి బండ్లకు అంత మంచి పేరు లేదు. నా మటుకు ఇంజన్ విప్పాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు. వదులయ్యేవి బోల్టులే, అవీ ఒకటీ అరా కాదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్లు (వాల్వులను తెరిచే కడ్డీలు) సరిచూసుకోవాలి: వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఇక ఆయిల్. ఆయిల్ ట్యాంకు వేరుగా, ఇంజన్ కంటే ఎత్తులో ఉంటుంది. నెలల తరబడి నిలిపితే ఆయిల్ మెల్లగా ఇంజన్‌లోకి దిగిపోయి, స్టార్ట్ చేయగానే బ్రీదర్ పైపులోంచి (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నేల మీదికి వస్తుంది. బండి కింద ఎప్పుడూ ఒక అట్టముక్క ఉంటుంది. మా ఆవిడ దృష్టిలో ఈ బండి మీద పూర్తి సమీక్ష ఆ అట్టముక్కే.

రెండేళ్ల కిందట జులైలో మిడ్-ఒహాయో ట్రాక్ దగ్గర జరిగే వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ అనే పాత బండ్ల ఉత్సవానికి కొలంబస్ నుంచి ఈ బండి మీదే వెళ్లాను. అంతకుముందు వారమే బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో విప్పి ఆయిల్ సీల్ మార్చాను. పన్లో పనిగా కటౌట్ (డైనమో నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే పెట్టె) కూడా పాత పద్ధతిదే కొత్తది వేశాను. పొద్దున ఏ ఇబ్బందీ లేదు. రోజంతా తిరిగి, పాత సామాన్ల సంతలో అక్కర్లేని క్లచ్ లీవర్ ఒకటి కొని, సాయంత్రం 13వ నంబరు రోడ్డు మీద తిరుగు ప్రయాణమయ్యాను. బెల్‌విల్ దాటాక హెడ్‌లైటు వేస్తే తెల్లగా కాక మామిడిపండు రంగులో వెలిగింది. తర్వాత రేజ్ ఇస్తే దగ్గు. ఫ్రెడరిక్‌టౌన్ ఇంకా రాకముందే లైటు, ఇంజన్ రెండూ కలిసే పోయాయి.

పాతిక తన్నులు తన్ని ఉంటాను. చొక్కా తడిసి ముద్దయింది. ఒక్క పేలుడు లేదు. బ్యాటరీ చచ్చినా ఇంటికి చేరుస్తుందన్న బండి ఇదే.

పికప్‌లో పోతున్న ఒక పెద్దాయన ఆగాడు. రైతు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఈమధ్య డైనమో ఏమైనా విప్పావా?" అన్నాడు. విప్పానన్నాను. "పోలరైజ్ చేశావా?" నేను తెల్లమొహం వేశాను. తన దగ్గరున్న పాత ట్రాక్టరుకూ ఇదే గోలట. డైనమో లోపలి ఇనుములో కాస్త అయస్కాంతం మిగిలి ఉంటేనే అది కరెంటు పుట్టించడం మొదలుపెడుతుంది. విప్పి బిగించినప్పుడు అది పోవచ్చు, తిరగబడనూవచ్చు. దాన్ని మళ్లీ సరిచేయడమే పోలరైజ్ చేయడం. పికప్ బ్యాటరీకి కేబుళ్లు తగిలించి, జానెడు వైరు ముక్కతో కటౌట్ మీద బ్యాట్ (బ్యాటరీ), జెన్ (జనరేటర్, అంటే డైనమో) అనే రెండు టెర్మినళ్లనూ ఒక్క క్షణం కలిపించాడు. చిటుక్కున నిప్పురవ్వ. అంతే, ఇక తన్నమన్నాడు. రెండో తన్నుకు లేచింది. పది నిమిషాలు నడవనిచ్చి కేబుళ్లు తీసేశాడు. హెడ్‌లైటు తెల్లగా నిలబడింది. ఆ వైరు ముక్క ఇప్పటికీ నా టూల్‌కిట్‌లో ఉంది.

ఇందులో బండి తప్పు రవ్వంత కూడా లేదు. ఛార్జింగ్ లేదని చెప్పడానికి జెన్ లైటు ఉంది, దాని బల్బు మాడిపోయి ఏడాదైంది, నేను పట్టించుకోలేదు. కిక్ గురించి నేను చదివిన పొగడ్తలేమో మాగ్నెటో ఉన్న బండ్లవి. 1969 దాకా వచ్చిన ఎక్స్‌ఎల్‌సీహెచ్‌లకు స్పార్క్ రావడానికి బ్యాటరీ అక్కర్లేదు. 1970 నుంచి స్పార్క్ బ్యాటరీ, కాయిల్‌తోనే. నా గొప్పంతా ఐదేళ్ల తేడాలో కొట్టుకుపోయింది. మర్నాడు ఫోన్లో చెబితే మా నాన్న, "మన ట్రాక్టర్ డైనమోకీ అంతే కదరా, నన్నడిగితే చెప్పేవాణ్ణిగా" అన్నాడు.

కొనొచ్చా అని అడిగేవాళ్లకు నా పరిస్థితి చెప్పాలి. నాకు గ్యారేజీ ఉంది, ఆఫీసుకు వెళ్లడానికి కారుంది, బండి తీయలేని నాలుగు నెలల చలికాలం ఉంది, అప్పుడు తీరిగ్గా విప్పుకుంటాను. అపార్ట్‌మెంట్లో ఉంటూ రోజూ దీని మీదే పనికి వెళ్లాలనుకునేవాళ్లకు చెప్పను. రిపేరు షాపులో వదిలి డబ్బులిచ్చేద్దాం అనుకునేవాళ్లకూ చెప్పను. పాయింట్లు సరిచేయడం తెలిసినవాళ్లు దొరకడం కష్టంగా ఉంది.

ఒళ్లు కూడా లెక్కలోకి వస్తుంది. కొన్నప్పుడు నాకు ముప్పై తొమ్మిది. ఈ ఏప్రిల్లో మొదటిసారి మోకాలికి పట్టీ వేసుకుని కిక్ కొట్టాను. ఐదో తన్నుకు లేచింది. పాయింట్లు చూశాను, బాగానే ఉన్నాయి.