ఐన్‌స్టీన్ టవరా, గుర్రపునాడా కాలనీయా?

ఎరిక్ మెండెల్‌సన్, బ్రూనో టౌట్ ఇద్దరూ జర్మన్ ఆర్కిటెక్టులే. ఇద్దరూ 1933లో నాజీలు రాగానే దేశం విడిచారు.

బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్‌లో మెండెల్‌సన్ కట్టిన ఐన్‌స్టీన్ టవర్, అంటే సూర్యుణ్ణి పరిశీలించే వేధశాల, మట్టిముద్దను చేత్తో మలిచినట్టుంటుంది. చూడ్డానికి కాంక్రీటులా ఉన్నా లోపల చాలా వరకు ఇటుకే, పైన పూత. కొన్నేళ్లకే చెమ్మ దిగి పగుళ్లిచ్చింది. అయినా ఆ అందం మామూలుది కాదు.

టౌట్ దారి వేరు. 1925లో బెర్లిన్‌లోని బ్రిట్జ్‌లో మరో ఆర్కిటెక్టు మార్టిన్ వాగ్నర్‌తో కలిసి మొదలుపెట్టిన కాలనీలో చెరువు చుట్టూ గుర్రపునాడాలా వంగిన ఇళ్ల వరుస. ఖరీదైన అలంకారాలకు డబ్బెక్కడిది? గోడలకూ తలుపులకూ ఎరుపు, నీలం, పసుపు రంగులే నగలయ్యాయి. 2008లో యునెస్కో గుర్తింపూ దక్కింది.

నా ఓటు టౌట్‌కే. టవర్‌ని చూసి వచ్చేస్తాం. ఆ ఇళ్లలో జనం ఇప్పటికీ కాపురముంటున్నారు.